"మీ నాయనకి చెప్తా" అనే బెదిరింపుకి బలం ఎవరిచ్చినారు?

2024 అక్టోబర్‌లో బద్వేలు దగ్గర జరిగింది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇంటర్ చదివే 16 ఏళ్ల పాప మీద ఒకడు పెట్రోలు పోసి నిప్పు పెట్టినాడు, మరుసటి రోజు కడప రిమ్స్‌లో చనిపోయింది. వాడేమీ ముక్కూమొహం తెలియనివాడు కాదు, చిన్నప్పటి నుంచి తెలిసినవాడే, అప్పటికే పెళ్లి కూడా అయినవాడు, నువ్వు రాకపోతే చచ్చిపోతానని ఫోన్ చేసి పిలిపించుకున్నాడని పోలీసులు చెప్పినారు. ఆ వారమంతా స్టాఫ్‌రూంలో, బస్సులో, మా వీధిలో, ఎక్కడ చూసినా ఒకటే మాట విన్నాను. "ముందే ఇంట్లో చెప్పొచ్చు కదా?"

ఆ మాట అన్నవాళ్లు చెడ్డవాళ్లు కాదు, బాధతోనే అన్నారు. కానీ నాకు ఆ మాట వింటే కడుపు మండిపోతుంది, ఎందుకంటే నేను అనంతపురంలో ఇంటర్ పిల్లలకి బోటనీ చెప్తాను, ఇన్నేళ్లలో ప్రేమ పేరుతో ఒకడు పెట్టే బాధ పడలేక నా దగ్గరికి వచ్చి ఏడ్చిన పిల్లలు ఉన్నారు, వాళ్లలో ఒక్కరు కూడా "వాడంటే భయం మేడమ్" అని మొదలుపెట్టలేదు. అందరూ మొదట అన్నది "ఇంట్లో చెప్పొద్దండి మేడమ్" అనే. వాడు కొట్టినాడు, ఫోటోలు పెట్టుకోని బెదిరిస్తున్నాడు, కాలేజీ గేటు దగ్గర నిలబడి పరువు తీస్తున్నాడు, అవన్నీ తర్వాత వస్తాయి. ముందు భయం ఇల్లు.

ఒక పాప గురించి చెప్తాను, ఎవరో తెలియకుండా ఉండేదానికి కొన్ని వివరాలు మార్చినాను. మండలం నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ బైపీసీ చదివేది, బాగా చదివేది కూడా. ఎండాకాలంలో కూడా ఫుల్ హ్యాండ్స్ వేసుకోని వచ్చేది, క్లాసు మధ్యలో బాత్రూంకని లేచిపోయేది, తర్వాత తెలిసింది ఏమంటే బయటికి పోయి తను ప్రేమించినవాడికి వీడియో కాల్ చేసి కాలేజీలోనే ఉన్నానని చూపించాలంట, ఒక్క పూట చూపించకపోతే సాయంత్రం దెబ్బలు. ప్రాక్టికల్స్ అయిపోయినాక స్లైడ్లు కడుగుతూ ఉంటే చేతి మీద వేళ్ల గుర్తులు చూసినాను. అడిగితే చాలాసేపు ఏం చెప్పలేదు. చివరికి ఒక మాట అనింది, అది నేను మర్చిపోలేను. "కొడితే రెండు దినాలకి తగ్గిపోతాది మేడమ్, ఇంట్లో తెలిస్తే నా సదువే పోతాది."

పదిహేడేళ్ల పిల్ల వేసుకున్న లెక్క అది, ఆ లెక్కలో నాకు తప్పు కనపడలేదు. వాడికీ ఆ లెక్క తెలుసు. అందుకే వాడు పెద్దగా బెదిరించాల్సిన పని లేదు, కత్తి చూపించాల్సిన పని లేదు, "మీ నాయనకి చెప్తా" అంటే చాలు. ఒకసారి ఆలోచించండి, కొట్టినవాడు కొట్టించుకున్న పిల్లని ఆ పిల్ల తండ్రి పేరు చెప్పి బెదిరిస్తున్నాడు, అది పనిచేస్తోంది. తప్పు చేసినవాడికి మనం, అంటే తల్లిదండ్రులం, టీచర్లం, పక్కింటివాళ్లం, అందరం కలిసి ఆయుధం చేసి ఇచ్చినట్టు. నేను ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నది ఇదే, పిల్లలు నోరు తెరవాలంటే ముందు ఆ ఆయుధం వాడి చేతిలోంచి మనం తీసెయ్యాల.

మన ఇళ్లల్లో తెలిస్తే ఏం జరుగుతుందో దాపరికం లేకుండా మాట్లాడుకుందాం. మొదట ఫోన్ పగలగొడతారు. తర్వాత నాలుగు దెబ్బలు, అవి కూడా పిల్లకే. తర్వాత కాలేజీ బంద్, హాస్టల్ ఖాళీ, టీసీ కోసం మేనమామ వస్తాడు, "ఆరోగ్యం బాలేదు మేడమ్" అంటాడు, మేము సంతకం పెట్టి పంపిస్తాం. రెండు మూడు నెలలకి శుభలేఖ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో చేసినప్పుడు మన ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లి అయిపోయిందని తేలింది, వంద మందిలో ఇరవై తొమ్మిది మంది. అన్నీ ఇట్లాంటి కారణాలతోనే అని నేను అనను, పేదరికం ఉంది, కరువు ఉంది, వలస పోయేవాళ్లు పిల్లని ఇంట్లో ఒంటరిగా వదల్లేక చేసే పెళ్లిళ్లు ఉన్నాయి. కానీ "ఏదో లవ్ మ్యాటర్ అంట, తొందరగా చేసేసినారు" అనే మాట మన జిల్లాల్లో విననివాళ్లు ఎవరన్నా ఉన్నారా?

ఇంక కులం. అబ్బాయి వేరే కులం అయితే ఇంట్లో వాళ్లకి పిల్ల చేతి మీద దెబ్బ కనపడదు, కులమే కనపడుతుంది, గొడవ మొత్తం దాని మీదికి పోతుంది, పిల్ల సంగతి పక్కకి పోతుంది. అదే కులం అయితే ఇంకా అన్యాయం. పెద్దమనుషులు కూర్చోని "ఎట్లాగూ ఇంత దూరం వచ్చింది, వాడికే ఇచ్చి చేసేయండి, పరువన్నా నిలబడుతుంది" అంటారు. కొట్టేవాడికే ఇచ్చి చేస్తారు! ఇట్లాంటి పంచాయితీలో కూర్చున్న ఒక పెద్దాయన్ని నేను అడిగినాను, రేపు పెళ్లయినాక కూడా కొడితే ఏం చేస్తారు అని. "అప్పుడు మొగుడూ పెళ్లాల గొడవ అయితాది లేమ్మా" అన్నాడు.

కొంతమంది తల్లులు నన్ను గట్టిగానే అడుగుతారు, అసలు ఈ వయసులో ప్రేమలేంది మేడమ్, మీరు దాన్ని ఖండించకుండా ఇట్ల మాట్లాడితే పిల్లలకి ఇంకా అలుసు అయిపోదా అని. ఆ అడగడంలో న్యాయం ఉంది, నాకూ ఇంట్లో పిల్ల ఉంది, పదహారేళ్లకి చదువు మీద ధ్యాస ఉంటే మంచిదనే నేనూ అనుకుంటాను. కానీ ప్రేమ తప్పా రైటా అనేది ఒక ప్రశ్న, పిల్లని ఒకడు కొడుతున్నాడు అనేది ఇంకో విషయం, రెండూ ఒకేసారి తేల్చాలని కూర్చుంటే రెండోది ఎప్పటికీ తేలదు. ఇల్లు కాలుతున్నప్పుడు పొయ్యి ఎవరు ఆర్పలేదని పంచాయితీ పెట్టం కదా, ముందు మనుషుల్ని బయటికి లాగుతాం. ప్రేమ సంగతి తర్వాత నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు, పిల్ల బతికుంటే, చదువుకుంటూ ఉంటే.

ఇది ఎట్లా మొదలవుతుందో కూడా తెలుసుకోవాల, ఎందుకంటే చెంపదెబ్బతో ఎప్పుడూ మొదలవ్వదు. మొదట అది ప్రేమలాగే కనపడుతుంది. తిన్నావా, పడుకున్నావా, బస్ ఎక్కినావా, ఎవరి పక్కన కూర్చున్నావు. పాపకి బాగుంటుంది, ఇంట్లో ఎవరూ అంత పట్టించుకోరు కదా. తర్వాత ఇన్‌స్టా పాస్‌వర్డ్ అడుగుతాడు, నమ్మకం లేదా అంటాడు. తర్వాత లైవ్ లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాల. రాత్రి ఒంటిగంటకి వాట్సాప్‌లో ఆన్‌లైన్ కనపడితే ఎవడితో అని యుద్ధం. క్లాసులో మగపిల్లలతో నోట్స్ తీసుకోకూడదు, ఆ ఫ్రెండ్ మంచిది కాదు దాంతో తిరగొద్దు, ఆ డ్రెస్ వద్దు, చున్నీ సరిగ్గా వేసుకో. ఇట్లా ఒక్కొక్కరినీ దూరం చేసి, చివరికి ఆ పాపకి వాడు తప్ప మాట్లాడే దిక్కు లేకుండా చేసినాక అప్పుడు చెయ్యి లేస్తుంది. కొట్టిన మరుసటి రోజు ఏడుస్తాడు, కాళ్లు పట్టుకుంటాడు, చాక్లెట్ తెస్తాడు, నువ్వంటే పిచ్చి అందుకే కోపం వచ్చింది అంటాడు, పాప నమ్ముతుంది, పది రోజులు బాగుంటాడు, మళ్లీ మొదలు. కొంతమంది డబ్బులు అడుగుతారు, హాస్టల్ ఫీజు కోసం ఇంట్లో ఇచ్చిన డబ్బులు పోయినాయని చెప్పే పిల్లల వెనక ఒక్కోసారి ఇదే ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువ పనిచేసేది చచ్చిపోతానని బెదిరించడం. చెయ్యి కోసుకోని రక్తం ఫోటో పంపుతాడు, పురుగుల మందు డబ్బా పట్టుకోని వీడియో పెడతాడు. అమ్మాయిలు దీనికి కరిగిపోతారు, నా వల్ల ఒక ప్రాణం పోతుందేమో అని పరిగెత్తుకుంటూ పోతారు. నేను మా పిల్లలకి ఎప్పుడూ ఒకటే చెప్తాను, వాడు నిజంగానే చచ్చిపోతాడని భయం ఉంటే 112కి ఫోన్ చెయ్యి, వాళ్లింట్లో వాళ్లకి చెప్పించు, లేదా టెలీ మానస్ అని మనసు బాగాలేనివాళ్ల కోసం గవర్నమెంట్ పెట్టిన 14416 నంబర్ ఉంది, తెలుగులో మాట్లాడతారు, అది వాడికి ఇప్పించు. నువ్వు మాత్రం పోవద్దు. వాడి ప్రాణం కాపాడే పని డాక్టర్లది, పోలీసులది, వాళ్ల అమ్మానాయనలది, పదహారేళ్ల నీది కాదు. ముఖ్యంగా వద్దని చెప్పేసినాక "లాస్ట్ టైం ఒక్కసారి కలువు, ఫోటోలు డిలీట్ చేసేస్తా" అని పిలిస్తే అస్సలు పోవద్దు. వదిలేసి పోతున్నప్పుడే ఇట్లాంటివాళ్లు ఎక్కువ ప్రమాదం. ఇన్నాళ్లూ కొట్టినా చంపలేదు కదా అనే ధైర్యం ఆ రోజుకి పనికిరాదు.

ఇప్పుడు సాయం సంగతి. చాలామంది తల్లిదండ్రులకి తెలియనిది ఏమంటే ఫోన్ పగలగొట్టడంతో కేసు కూడా పగిలిపోతుంది. వాడు పంపిన మెసేజ్‌లు, కాల్ లిస్టు, వాయిస్ నోట్లు, బెదిరించిన స్నాప్‌లు, సాక్ష్యం అంతా దాంట్లోనే ఉంటుంది. సిమ్ విరిచేస్తే వాడికే మేలు. బ్లాక్ చేసే ముందు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, తేదీ, నంబర్ కనపడేట్టు. దెబ్బలుంటే ఫోటో తీయండి, గవర్నమెంట్ ఆస్పత్రిలో చూపించి చీటీ తీసుకోండి. ఇంకోటి, పదిమంది బంధువుల్ని వేసుకోని వాడింటి మీదికి పోవద్దు. అట్లా పోతే గొడవ ఊరంతా తెలుస్తుంది, వాడు రెచ్చిపోతాడు, పిల్ల పేరు బజారున పడుతుంది, చివరికి పోలీసులు రెండు వైపులా కేసులు పెట్టి రాజీ చేసుకోండని పంపిస్తారు.

పోలీస్ స్టేషన్ అంటేనే భయపడేవాళ్లకి ఇంకో దారి ఉంది. 2015 నుంచి జిల్లాకొకటి అని సఖి వన్ స్టాప్ సెంటర్లు పెట్టుకుంటూ వచ్చినారు, కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో కూడా ఉన్నాయి. అక్కడ కౌన్సిలర్ ఉంటారు, పోలీసు సాయం, డాక్టర్ దగ్గరికి పంపించడం, వకీలు సాయం, అవసరమైతే కొద్ది రోజులు ఉండేదానికి చోటు, అన్నీ ఒకే కప్పు కింద, పైసా ఖర్చు లేకుండా. 181కి ఫోన్ చేస్తే ఎక్కడుందో చెప్తారు. పద్దెనిమిది లోపు పిల్లలకి 1098 ఉంది. జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఆడవాళ్లకి, పిల్లలకి ఆదాయంతో పని లేకుండా వకీల్ని ఫ్రీగా ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది, వాళ్ల నంబర్ 15100. మా ఊళ్లో కేసు పెడితే అందరికీ తెలుస్తుంది అనుకునేవాళ్లు ఇంకో ఊరి స్టేషన్లో అయినా కంప్లయింట్ ఇవ్వొచ్చు, జీరో ఎఫ్ఐఆర్ రాసుకోని సంబంధిత స్టేషన్‌కి పంపించాల, మా పరిధి కాదు పో అనడానికి లేదు.

ఫోటోల గురించి కొంచెం వివరంగా చెప్పాల, ఎందుకంటే పిల్లల నోరు నొక్కేది ఎక్కువగా అవే. మామూలు ఫోటో కావచ్చు, చూపించకూడని ఫోటో కావచ్చు, మార్ఫింగ్ చేసింది కావచ్చు. పద్దెనిమిది లోపు వయసులో తీసుకున్న అట్లాంటి ఫోటోలకి "టేక్ ఇట్ డౌన్" అని ఒక సర్వీస్ ఉంది, పెద్దవాళ్లకి "స్టాప్ ఎన్‌సీఐఐ" అని ఇంకోటి. ఫోటో వాళ్లకి పంపాల్సిన పని లేదు, మన ఫోన్లోనే ఆ ఫోటోకి ఒక కోడ్ తయారవుతుంది, ఆ కోడ్ మాత్రమే పోతుంది, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివి దాంతో పోల్చి చూసి ఆ ఫోటో కనపడితే తీసేస్తాయి. అయితే వాట్సాప్‌లో మనిషి నుంచి మనిషికి పోయేదాన్ని ఇది ఆపలేదు, అది తెలుసుకోవాల. 2021 ఐటీ రూల్స్‌లో అయితే అట్లాంటి ఫోటో మీద బాధితులు కంప్లయింట్ ఇస్తే ఆ యాప్‌లు 24 గంటల్లో తీసెయ్యాలని రాసినారు, 2026లో దాన్ని రెండు గంటలకి తగ్గించినారు. కేంద్రం పెట్టిన సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్ల మీద, పిల్లల మీద జరిగే వాటికి పేరు చెప్పకుండా కూడా కంప్లయింట్ ఇవ్వొచ్చు, నంబర్ 1930. పద్దెనిమిది లోపు పాప నగ్న ఫోటో వేరేవాళ్లకి ఫార్వర్డ్ చేయడమే పెద్ద నేరం, పంపినవాడు "సరదాకి" అన్నా, గ్రూపులో వచ్చిందాన్ని ముందుకి తోసినా, ఐటీ చట్టం 67బి కింద మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు ఉంది. ఇది మగపిల్లల క్లాసుల్లో గట్టిగా చెప్పాల్సిన విషయం, మనం చెప్పం.

వెంటపడటం కూడా నేరమే. వద్దని చెప్పినా మళ్లీ మళ్లీ ఫాలో అవడం, మెసేజ్‌లు పెట్టడం, ఆన్‌లైన్లో ఏం చేస్తోందో గమనించడం, ఇవన్నీ 2013 నుంచి చట్టంలో ఉన్నాయి, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) సెక్షన్ 78, మొదటిసారికి మూడేళ్ల దాకా, రెండోసారికి ఐదేళ్ల దాకా శిక్ష.

పిల్లల మీద జరిగే లైంగిక నేరాల చట్టం పోక్సో గురించి నిజం దాచకుండా చెప్పాల. పద్దెనిమిది నిండని పిల్ల అయితే, లైంగికంగా ఏదన్నా జరిగితే, ఆ పిల్ల ఇష్టం అనేది చట్టం లెక్కలోకి తీసుకోదు, ఆ సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాల, చెప్పకపోతే వాళ్ల మీద కేసు. అందుకే నేను ఏ పాప అయినా నా దగ్గర కూర్చుంటే ముందే చెప్పేస్తాను, చూడు నాన్నా, ఒకవేళ ఇట్లాంటిది ఉంటే నేను దాచలేను, కానీ ఏం చేసినా నీకు చెప్పే చేస్తాను అని. ముందు ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టి తర్వాత చెప్పేస్తే ఆ పిల్ల జన్మలో ఇంకెవర్నీ నమ్మదు. ఈ రూలు వల్ల కొంతమంది పిల్లలు అసలు నోరే తెరవరు, అది నాకు కనపడుతూనే ఉంది, చాలా బాధగా ఉంటుంది. కానీ అదే చట్టంలో పిల్లని కాపాడేవి కూడా ఉన్నాయి. వాంగ్మూలం ఇంట్లోనో తనకి ఇష్టమైన చోటో తీసుకోవాల, వీలైనంత వరకు మహిళా ఎస్సై తీసుకోవాల, యూనిఫాం వేసుకోకూడదు, రాత్రిపూట స్టేషన్లో ఉంచకూడదు, పేరు, స్కూలు, ఇల్లు ఏదీ బయటపెట్టకూడదు. ఇవి అడిగే హక్కు మనకుంది, అడగండి.

ఆ బైపీసీ పాప సంగతికి వస్తే, నేను ముందు వాళ్లమ్మతో మాట్లాడినాను, అది కూడా పాప సరే అన్నాకే. ఫోన్‌లో కాకుండా రమ్మని పిలిచి, మొదటి మాటగా ఒకటే అడిగినాను, "అమ్మా, ఏం విన్నా సరే చదువు మాన్పించనని నాకు మాటివ్వు." ఆమె చానాసేపు నా మొహం చూసింది. తర్వాత "వాళ్ల నాయనకి నేను చెప్పుకుంటా, మీరు పిల్లని చూసుకోండి" అనింది. సఖికి తీసుకపోయినారు, కంప్లయింట్ ఇచ్చినారు, హాస్టల్ మాన్పించి కర్నూలులో పిన్ని ఇంట్లో పెట్టినారు. తండ్రి నెలరోజులు కూతురితో మాట్లాడలేదంట, కానీ ఫీజు మాత్రం కట్టినాడు. ఆ పాప ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. ఆమె చదువు నిలబడింది ఏ హెల్ప్‌లైన్ వల్లనో కాదు, వాళ్లమ్మ ఆ రోజు ఇచ్చిన మాట వల్ల.

అందుకే మా పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి మాట్లాడే ముందు నేను ఇదే అడుగుతాను. ఏం జరిగినా చదువు ఆపం, పెళ్లి చేసెయ్యం, ఫోన్ పగలగొట్టం అని ఈ రోజే, ఇంకా ఏమీ జరగనప్పుడే, పిల్లకి నోటితో చెప్పండి. మనసులో అనుకుంటే పిల్లకి తెలియదు. తండ్రి చెప్తే ఇంకా మంచిది, ఎందుకంటే వాడు వాడుకునేది తండ్రి పేరే. "మీ నాయనకి చెప్తా" అని వాడు అన్న రోజు ఆ పాప "చెప్పుకో పో, మా నాయనకి నేనే చెప్తా" అనగలిగితే వాడి దగ్గర ఇంకేం మిగలదు.

మగపిల్లల తల్లులకి కూడా ఒక మాట. మీ అబ్బాయి చెయ్యి కోసుకున్నాడంటే "ఎవతో మోసం చేసింది నా కొడుకుని" అని మొదలుపెట్టకండి, వాణ్ణి డాక్టర్ దగ్గరికి తీసుకపోండి. వాడు ఎవరి ఫోనో చెక్ చేస్తున్నాడు, ఎవర్నో కొడుతున్నాడు అని తెలిస్తే మీరే ఆపండి, మీ మాట వినే వయసు అది. అబ్బాయిల్ని కొట్టే, బ్లాక్‌మెయిల్ చేసే అమ్మాయిలు కూడా లేకపోలేదు, నా దగ్గరికి అట్లా వచ్చిన ఒక అబ్బాయి ఎవరన్నా నవ్వుతారని సంవత్సరం పాటు మోసినాడు, వాడికీ పై నంబర్లలో 112, 1098, 1930, 14416 అన్నీ వర్తిస్తాయి.

చివరగా ఫ్రెండ్స్‌కి, ఎందుకంటే అమ్మానాయనకంటే, మేడమ్‌కంటే ముందు తెలిసేది మీకే. వాడి మెసేజ్‌లు మొయ్యకండి, "పాపం ఏడుస్తున్నాడే, ఒకసారి మాట్లాడు" అని మధ్యవర్తిత్వం చేయకండి, ఆ పాప ఎక్కడుందో వాడికి చెప్పకండి. వదిలెయ్యమని నువ్వు చెప్పినా తను మళ్లీ వాడి దగ్గరికే పోవచ్చు, విసుక్కోని వదిలేయకు, వాడికి కావాల్సింది అదే. చంపుతా అన్నాడన్నా, పెట్రోలు, యాసిడ్, కత్తి మాట వచ్చినా, ఒంటరిగా కలవమని పిలిచినా, తను ఒట్టు వేయించుకున్నా సరే అదే రోజు పెద్దవాళ్లు ఒకరికి చెప్పు. ఇంట్లో వాళ్లు కుదరకపోతే పిన్ని, మేనత్త, లెక్చరర్, హాస్టల్ వార్డెన్ ఎవరైనా సరే, మొదటివాళ్లు పట్టించుకోకపోతే రెండోవాళ్లకి చెప్పు, ఎవరూ లేకపోతే 112కి నువ్వే చెయ్యి, మీ పేర్లు కాలేజీలో ఎవరికీ చెప్పొద్దని అడుగు.